చంద్రుడి మీద లడ్డూ పెట్టింది నేనే

మా గల్లీలో ఆ సంగతి ఎవరు చెప్పినా ఒకే తీరుగా చెప్తారు. వినాయకుడి ముందు చంద్రుడి మీద దిగాల్సిన నౌక దిగలేదు, పడింది. పడి లడ్డూను పచ్చడి చేసింది. పైన మోకు పట్టుకున్నవాడి చెయ్యి జారింది. యాకుత్‌పురా స్టేషన్ వైపు టీ బండి దగ్గర నిలబడితే, ఎవరో ఒకరు కొత్తవాళ్లకు ఈ కథ చెప్తూ ఇప్పటికీ కనిపిస్తారు. నౌక పడిందన్నది నిజం. లడ్డూ పోయిందన్నది నిజం. చెయ్యి జారిందన్నది అబద్ధం. ఆ అబద్ధం పుట్టించినవాణ్ని నేను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను నయాపూల్ దగ్గరి కోర్టులో గుమాస్తాను. అంతా నిజమే చెప్తానని సాక్షులు ప్రమాణం చేయడం రోజూ వింటాను. ఆ వెంటనే కొందరు నేల చూపులు చూడటం కూడా చూస్తాను. చదివింది బీకాం. పిచ్చి మాత్రం ఆకాశం మీద. రాకెట్ ఏ దేశంలో ఎగిరినా ఫోన్‌లో చూడకుండా ఉండలేను. కౌంట్‌డౌన్ మొదలైందంటే మా ఆవిడ పొయ్యి మీద పాలు నాకు అప్పగించదు, అలా అప్పగించిన పాలు చాలాసార్లు పొంగిపోయాయి గనుక. గల్లీలో నన్ను సైంటిస్ట్ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే. కానీ అలా పిలిచినప్పుడల్లా నాకు లోపల బాగానే ఉండేది. జరిగిన చెడుకంతా మూలం ఆ బాగుండటంలోనే ఉంది.

గల్లీ మొదట్లో టెంట్ హౌస్ నడిపే అతను నా చిన్ననాటి దోస్తు. పెళ్లిళ్లకూ దినాలకూ షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాడు. మనిషి లావు, గొంతు ఇంకా లావు. గల్లీ ఆ చివర ఉన్నవాడితో మాట్లాడటానికి తనకు ఫోన్ ఎందుకంటాడు. వాళ్ల నాన్న నుంచి అతనికి వచ్చిన హక్కు ఒకటి ఉండేది. నిమజ్జనం రోజు మా వినాయకుణ్ని లారీ మీద మోకులతో కట్టేది ఆ ఇంటివాళ్లే. మోకు దేవుడి ఒంటికి ఒరుసుకోకూడదు, రంగు రాలకూడదు, లారీ ఎంత ఊగినా విగ్రహం ఊగకూడదు. కట్టడం అయ్యాక విగ్రహం పాదాల దగ్గరే నిలబడి, ఊరేగింపు పొడుగునా మోకు మీద చెయ్యి వేసి ఉంచేవాడు. ఏడాదంతా అందరి పెళ్లిళ్లలో కుర్చీలు వేసే మనిషిని, ఆ ఒక్క రోజు ఊరంతా తలెత్తి చూసేది. ఆ హక్కు నా వల్ల పోయింది.

మన నౌక చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన ఏడాది అది. రాకెట్ లేచిన రోజు నుంచి నౌక దిగిన రోజు దాకా సాయంత్రాలన్నీ అతని దుకాణంలోనే గడిచాయి. మడత పెట్టిన తివాచీల మీద కూర్చుని, గోడకున్న టీవీలో చూస్తూ, నాకు తెలిసిందంతా చెప్పేవాణ్ని. లేచిన రాకెట్ కాసేపటికి పక్కకు వాలడం చూసి అతను ఒక్క గంతేసి నిలబడ్డాడు.

"అరే, వంగుతుంది ర! పోయింది, పోయింది!"

"పోలే భాయ్, కూసో. గట్లనే వంగాలె. సీదా మీదికి పోతే సీదా కిందికే వస్తది. పక్కకు ఉరకాలె, మస్తు జోరుగ ఉరకాలె. అది పడుతనే ఉంటది, గని కింద భూమి గుండ్రంగ వంగి పోతుంటది గద, అందుకే తగలదు."

"పడుకుంటనే ఉంటది, గని పడదు."

"గంతే."

"మా బామ్మర్ది గిట్లనే. నౌకరీల చేరుతనే ఉంటడు, గని చేరడు."

రాకెట్ బరువులో చాలా భాగం ఇంధనమేనని, ఖాళీ అయిన అంతస్తును దారిలోనే వదిలేసి తేలికవుతుందని చెప్తే మాత్రం అతను ఏమీ అడ్డం అడగలేదు. "దావత్ అయినంక ఖాళీ వంట డేగ్‌లు నెత్తిన పెట్టుకొని ఎవడు తిరుగుతడు" అన్నాడు.

నౌక నేరుగా చంద్రుడి వైపు పోకుండా భూమి చుట్టూ తిరగడమే అతనికి మింగుడుపడలేదు. రోజూ అదే అడిగేవాడు.

"ఏంది ర గీ చక్కర్లు? ఎన్కట చార్మినార్ చుట్టు ఆటోలు తిరిగినట్టు."

"మనది చిన్న ఇంజను భాయ్. ఒక్క దమ్ముల పోలేదు. భూమికి దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక్క తోపు తోస్తరు, ఉయ్యాల తోసినట్టు. తోసినప్పుడల్లా అవతలి కొస ఇంకింత దూరం పోతది. ఆఖరికి చంద్రుడు అందుతడు. ఆడికి పోయినంక మల్ల ఉల్టా. వేగం తగ్గించుకుంట చిన్న చిన్న చక్కర్లు."

"అంటే పెట్రోల్ తక్కువ, టైం ఎక్కువ. మన ఇంటి లెక్కనే అన్నట్టు."

"ఇంకోటి జెప్పాల్నా? నడుమల ఇంజను బంద్ జేసినా పోతనే ఉంటది. ఆపెటందుకు ఆడ ఏం లేదు. గాలి లేదు, రోడ్డు లేదు, గుంతలు లేవు."

"అయితే అది యాకుత్‌పురా గాదు."

మనిషి పంపినవాటిలో అన్నిటికంటే దూరం వెళ్లిన నౌక గురించి కూడా ఆ తివాచీల మీదే చెప్పాను. ఇక్కడి నుంచి ఒక మాట పంపితే దాన్ని చేరడానికి దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది, జవాబు రావడానికి అంతే. మాట వెళ్లేది కాంతి వేగంతో అయినా అంతసేపు. అది విని అతను టీవీ గొంతు తగ్గించాడు. తర్వాత, "పాపం, ఒక్కతే పోతుందా?" అని అడిగాడు. నాకు అన్ని సంగతులూ తెలుసు గానీ ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు.

నౌక దిగే సాయంత్రం దుకాణం ముందు రోడ్డు దాకా జనం. నేను నిలబడి చెప్పాను. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి ప్యారాచూట్ పనిచేయదు. ఇంజన్‌ను కిందికి మండించి, పడే వేగాన్ని తగ్గించుకుంటూ దిగాలి. మనం ఇక్కడ "ఆపు" అని అరిస్తే ఆ మాట అక్కడికి పోవడానికి సెకను పైన పడుతుంది, అక్కడి సంగతి మనకు తెలియడానికి ఇంకో సెకను పైన. ఆలోపు జరిగేది జరిగిపోతుంది. అందుకే దిగే నౌక మన మాట కోసం చూడదు. తన ఎత్తు తానే కొలుచుకుంటుంది, బండలు లేని చోటు తానే వెతుక్కుంటుంది, ఎక్కడ నెమ్మదించాలో తానే చూసుకుంటుంది. ఇదంతా నేనే చెప్పాను, గల్లీ మొత్తం విన్నది. చెప్పినవాడు మాత్రం సరిగ్గా వినలేదని తర్వాత తేలింది.

నౌక దిగింది. గల్లీలో పటాకులు పేలాయి. మా ఉత్సవ కమిటీకి పెద్ద, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణమున్న సేటు, మిఠాయి డబ్బాతో వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం సైంటిస్టు, ఈసారి మన గణపతి ముంగట ఇదే దింపుదాం. నువ్వే జెయ్యాలె."

ఆ రాత్రి నేను తిండి సరిగ్గా తినలేదు, సంతోషంతో.

పని మొదలైంది. వెదురు బద్దలతో నౌక కట్టాం. దాని ఒంటికి చుట్టడానికి సేటు దుకాణం నుంచి బంగారు రంగు జరీ బట్ట పంపాడు. తడక మీద ప్లాస్టర్ పూసి, గిన్నెలు బోర్లించి గుంతలు చేసి, మంటపం ముందు చంద్రుణ్ని తయారుచేశాం. మంటపం పక్కనున్న మూడంతస్తుల ఇంటి మీది నుంచి గిలక మీదుగా మోకు దిగుతుంది, మోకు కొసన నౌక. మోకు ఎవరు పట్టాలో చర్చే రాలేదు. మోకు అంటే మా టెంట్ హౌస్ దోస్తే.

ఒక్కటే చిక్కు. డాబా మీద నిలబడితే అలంకారానికి కట్టిన ఆకాశం బ్యానర్ అడ్డమొచ్చి కింద ఏమీ కనిపించదు. డోలు మోతలో అరుపూ వినబడదు. అందుకని కింద నుంచి నేను ఫోన్‌లో చెప్తాను, పైన అతను చెవిలో వైరు పెట్టుకుని వింటాడు అని నిర్ణయించాను. నియంత్రణ కేంద్రం అన్నమాట. అతనికి నచ్చలేదు.

"మోకు మీద ఒక ముడి ఏస్త. ముడి వచ్చి గిలకల తట్టుకుంటది. నౌక చంద్రునికి జానెడు మీద ఆగుతది. ఆ జానెడు మెల్లగ దింపుకుందం. నువ్వు మరిచినా నేను మరిచినా ముడి మరువదు గద."

"ముడి తట్టుకుంటే నౌక ఉలిక్కిపడ్డట్టు ఊగుతది. చూసేటందుకు బాగుండదు. ఇది సైన్స్ భాయ్, మోటబావి గాదు."

"సరే సైంటిస్ట్ సాబ్. నీ దయ."

లడ్డూ ఆలోచన కూడా నాదే. ఏటా వేలం వేసే లడ్డూ దేవుడి చేతిలో ఉంటుంది. ఈసారి దాన్ని చంద్రుడి మీద పెడదామన్నాను. నౌక పక్కనే దిగి, చంద్రుడి మట్టి తెచ్చినట్టు లడ్డూను ఎత్తుకుని, దేవుడి చేతికి చేరుస్తుంది. సేటు కొంచెం నసిగాడు. "లడ్డూకు ఏం గాదు గద?" అన్నాడు. "నేనున్న గద సేట్" అన్నాను.

ఆ సాయంత్రం హారతి అయ్యాక గల్లీలో కాలు పెట్టే సందు లేదు. పిట్టగోడల మీద పిల్లలు, కిటికీల్లో ఆడవాళ్లు. నా కుడిచేతిలో మైకు, ఎడమచేతిలో ఫోన్. ముందు రోజు మైకు లేకుండా రెండుసార్లు దింపి చూసుకున్నాం, దూది పడ్డట్టు దిగింది. ఇప్పుడు ఫోన్‌లో "వదులు" అన్నాను. నౌక కదిలింది. జరీ బట్ట దీపాల వెలుగులో మెరిసింది. జనం హోరు.

నేను మైకులో మొదలుపెట్టాను. "ఇదిగో, మన నౌక చంద్రుడి దిక్కు చూస్తోంది. వేగం తగ్గించుకుంటోంది. బండలు లేని చోటు వెతుక్కుంటోంది." చప్పట్లు. ఇంకో మాట. ఇంకా చప్పట్లు. ఎడమచెయ్యి మెల్లగా కిందికి దిగిపోయి తొడ పక్కన వేలాడటం నాకు తెలియనే లేదు. నౌక మనిషెత్తుకు వచ్చాక తెలివొచ్చింది.

"ఆపు!" అన్నాను. "ఆపు! ఆపు! ఆపు!"

గల్లీ దద్దరిల్లింది. అన్నది మైకులో.

స్పీకర్లు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. దిగే ఘడియ వచ్చిందని డోలువాళ్లు అప్పుడే ఊపందుకున్నారు. పైన అతని చెవిలో నా ప్యాంటు గుడ్డ రాసుకునే చప్పుడు తప్ప ఏమీ వినబడి ఉండదు. నౌక వచ్చిన ఊపులోనే వచ్చి లడ్డూ మీద కూర్చుంది. కాళ్లు నాలుగు దిక్కులకూ విరిగాయి. బూందీ ముందు వరుస మొహాల మీద చిలికింది. సేటు కళ్లద్దాలకు ఒక జీడిపప్పు అతుక్కుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గల్లీకి గల్లీ నవ్వింది.

సేటు అద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. "ఏమైందయ్యా సైంటిస్టు?"

అందరూ నా వైపు తిరిగారు. అంతమంది సైంటిస్ట్ కోసం చూస్తున్నారు, నేను సైంటిస్ట్‌లాగే జవాబు చెప్పాను.

"నేను ఆపు ఆపు అంటనే ఉన్న సేట్, మీరందరు ఇన్నరు. పైన చెయ్యి జారినట్టుంది, పాపం."

ఆ "పాపం" అన్న మాటే నన్ను తర్వాత ఎక్కువ తొలిచింది.

అతను మెట్లు దిగి వచ్చాడు. మోకు లాగి పట్టాలని చూసినట్టున్నాడు, అరచేతులు కందిపోయి ఉన్నాయి. "నాకు ఆపు అని వినబడలే" అన్నాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు.

"దబీర్‌పురా దాక వినబడ్డది, నీకు వినబడలేదా?"

అతను చేతిలోని ఫోన్‌ను తిప్పి చూశాడు. నా వైపు చూశాడు. నేను లడ్డూ వైపు చూశాను.

"నెట్‌వర్క్ పోయిందేమో ర" అన్నాడు నాతో.

"అయ్యుంటది" అన్నాను.

మొదటిది కంగారులో వచ్చిన అబద్ధం అనుకున్నా, రెండోది అలా కాదు.

ఆ ఏడాది నిమజ్జనానికి కమిటీ క్రేన్‌వాళ్లను పిలిచింది. వాళ్ల మనుషులే పట్టీలతో విగ్రహాన్ని బిగించారు. "ఒక్కసారికే" అన్నాడు సేటు, అతని మొహం చూడకుండా. అతను లారీ వెనకాల జనంలో నడిచాడు. చార్మినార్ దాటాం, పత్తర్‌గట్టి దాటాం. నయాపూల్ దగ్గర లారీ కాసేపు ఆగినప్పుడు అతను వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. అది నాకు బాగా కనిపించింది. లారీ మీద మైకు పట్టుకుని ఉన్నది నేనే గనుక.

ఆ తర్వాత పిల్లలు అతనికి క్రాష్ అని పేరు పెట్టారు. క్రాష్ అన్నా, నాలుగు కుర్చీలు కావాలె. క్రాష్ అన్నా, షామియానా గట్టిగ కట్టు. అందరికంటే గట్టిగా అతనే నవ్వేవాడు. నా మీద అనుమానం ఒక్క రవ్వంత కూడా రాలేదు. తప్పంతా ఫోన్ కంపెనీదే అని నమ్మాడు. "పరువు దీసింది" అంటూ ఆ సిమ్ తీసి మోరీలో పారేశాడు, కొత్త నంబరు తీసుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. రాకెట్ల గురించి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను గానీ ఒక చోట నాలుక ఆగిపోయేది. మనవాళ్లు అంతకుముందు పంపిన నౌక చంద్రుడి మీద పడిపోయింది. ఎందుకు పడిందో వెతికారు, ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పారు, దాన్ని సరిచేశారు, అందుకే తర్వాతది దిగింది. ఈ సంగతి నేను ఎప్పుడూ గర్వంగా చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట దాకా వచ్చి, టీ చల్లారిపోతోందని లేచేవాణ్ని.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో సేటు దుకాణంలో కమిటీ కూర్చుంది. తెల్ల పరుపుల మీద, బట్టల తానుల మధ్య. మళ్లీ నౌక దింపుదామన్నాడు సేటు. జనం అడుగుతున్నారట. షామియానాల మాట కోసం నా దోస్తునూ పిలిచారు. గడప దాటగానే ఎవరో, "రావయ్యా క్రాష్" అన్నారు.

"మోకు క్రేనోల్లకు ఇద్దామా?" అన్నాడు సేటు మెల్లగా.

"నాకే ఇయ్యుండ్రి సేట్" అన్నాడు అతను నవ్వుతూనే. "ఇప్పుడు నా సిమ్ మంచిది. ఈసారి వినబడతది."

రోజూ సాక్షులను చూసేవాణ్ని గదా, ఆ క్షణం నా చూపులు ఎక్కడున్నాయో నాకే తెలిసింది. ఎదురుగా ఉన్న బట్ట తాను మీద నేసిన మామిడి పిందెల వైపు చూస్తున్నాను. తలెత్తాను.

"వాని సిమ్ ముందు కూడా మంచిదే. నేను ఆపు అన్నది మైకుల. ఫోన్ల అనలే. ఫోన్ కింద పట్టుకున్న. తర్వాత చెయ్యి జారిందని అబద్ధం జెప్పిన."

సేటు చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. చాయ్ తెచ్చినతను కూడా ఆగాడు. అందరూ నా దోస్తు మొహం చూశారు. అతను జేబులోంచి ఫోన్ తీసి చూశాడు.

"అంటే నా సిమ్ మంచిదేనా?"

"మంచిదే."

"నెట్‌వర్క్ గూడ?"

"అది గూడ."

"అరే, నా కుర్చీలన్నిటి ఈపుల మీద పాత నంబరే ఉన్నది గదర! ఆ నంబరు ఎవనికో పోయింది. షామియానాకని ఫోన్ జేసినోల్లను ఆయన బూతులు తిడుతుండు!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అతను నవ్వలేదు. చాయ్ ముట్టుకోలేదు. చెప్పులు వేసుకుని పత్తర్‌గట్టి జనంలో కలిసిపోయాడు. కుర్చీల మాట అన్నాడు గానీ లారీ మాట అనలేదు, మోకు మాట అనలేదు. అనని మాటలే నాకు వినబడ్డాయి.

పొద్దు గూకే వేళకు మా ఇంటి ముందుకు వచ్చాడు. లోపలికి రాకుండా గడప అవతల నిలబడి మా ఆవిణ్ని పిలిచాడు.

"వదినా, నీ మొగడున్నడా?"

"ఉన్నడు. పొద్దటి సంది మూల పట్టుకొని కూసున్నడు. ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే. జెయ్యాల్సినప్పుడు ఏం జెయ్యలే."

నేను బయటికి వచ్చి జరిగిందంతా రెండు ముక్కల్లో ఒప్పుకున్నాను. మా ఆవిడ ఇద్దరినీ చూసి, "తప్పు ఈయనది గాదన్నా. గీ మనిషి చేతికి మైకు, ఫోను రెండు ఇచ్చినోల్లది" అంది. అతనికి నవ్వు రాబోయింది గానీ వెంటనే సర్దుకున్నాడు.

"ఇగో, ఇను" అన్నాడు నాతో. "కుర్చీలన్నిటికీ నంబరు నువ్వే మార్చాలె, నీ చేతులతోటి. అది ఒకటి. ఈసారి మీద మోకు నువ్వు పట్టు, కింద ఫోన్ నేను పడత. నాకు ఎట్లుండెనో నీకు గూడ తెలవాలె గద. అన్నిటికన్న ముందు, టీ బండి కాడికి పోయి గా కథ నీ నోటితోటి నువ్వే జెప్పు. నేను పక్కన నిలబడి ఇంట."

వెళ్లాం. చెప్పాను. టీ బండి దగ్గర అంతకుముందే ఎవరో చెప్పేసినట్టున్నారు, అయినా మొత్తం విన్నారు. చివర్లో ఒక కుర్రాడు అడిగాడు. "అయితే ఇప్పుడు క్రాష్ ఎవరు?" అతను నా వీపు మీద చరిచాడు. తేలిగ్గా కాదు.

ఆ నెల ఆదివారాలన్నీ టెంట్ హౌస్ వెనక వసారాలో గడిచాయి. కుర్చీ వీపు మీద పాత నంబరుకు రంగు పూయడం, ఆరనివ్వడం, అచ్చు రేకు పెట్టి కొత్త నంబరు వేయడం. మొదట్లో అతను దూరంగా కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. తర్వాత అతను కూర్చునే తివాచీ నా దగ్గరికి జరిగింది. ఒక రోజు ఉన్నట్టుండి, "ఆ దూరం పోయిన నౌక ఇంకా మాట్లాడుతుందా ర?" అని అడిగాడు. "ఇంకా వినబడుతుంది, సన్నగ" అన్నాను. "మంచిదే" అని, కుర్చీని నా వైపు తోశాడు.

పండుగ వచ్చింది. ఈసారి లడ్డూ దేవుడి చేతిలోనే ఉంది. ఆ సంగతి సేటు రెండుసార్లు వచ్చి చూసుకుని వెళ్లాడు. మోకు మీద ముడి వేశాం. ముడి ఎక్కడ రావాలో అతను కొలిచాడు. వాన పడితే మోకు పొడవు మారుతుందని నేను గుర్తు చేశాను. రాత్రంతా తడిపి, మర్నాడు మళ్లీ కొలిచి, ముడిని కొంచెం జరిపాం. మైకు మా ఆవిడ చేతికి ఇచ్చారు.

డాబా మీద ఒక్కణ్ని నిలబడ్డాను. ముందు బ్యానర్ వెనక భాగం, దాని మీద ఏమీ లేదు, తెల్లగా ఉంది. పైన అసలు ఆకాశం. చేతుల్లో మోకు, చెవిలో వైరు. అంతే. కింద జనం హోరు ఎక్కడో బావిలో నుంచి వస్తున్నట్టుంది. రెండేళ్ల కిందట అతను నిలబడ్డ చోటు ఇదే. ఇక్కడ నిలబడ్డవాడికి కింది మనిషి మాట తప్ప ఇంకేమీ ఉండదని నాకు అప్పుడు తెలిసింది.

"వదులు" అన్నాడు చెవిలో. వదిలాను. "మెల్లగ. నీ పెండ్లిల నడిచినట్టు నడువకు, ఇంకా మెల్లగ." బరువు అరచేతుల మీదుగా జారుతోంది. స్పీకర్లలో మా ఆవిడ గొంతు సన్నగా వినబడింది. "వస్తుంది, వస్తుంది, పిల్లలు ఎనుకకు జరుగుండ్రి." అంత చక్కటి వ్యాఖ్యానం నేనెప్పుడూ చెప్పలేదు. ఇంతలో డోలు అందుకుంది. చెవిలో మాట మునిగిపోయింది. ఏదో అన్నాడు, ఏమన్నాడో అందలేదు. సరిగ్గా అప్పుడు గిలక దగ్గర టక్కుమంది. ముడి. మోకు ఆగింది.

డోలు కొంచెం తగ్గగానే అతని గొంతు వచ్చింది. "ఆగినవా? ముడి ఆపిందా?"

"ముడే."

"జెప్పిన గదా. ఇగ జానెడు. ప్రాణం లెక్క దింపు."

గిలక మీది నుంచి ముడిని తప్పించి వేళ్లతో దింపాను. ఏమీ కనిపించదు. మోకు బరువుగా ఉంది, బరువుగా ఉంది, బరువుగానే ఉంది. ఉన్నట్టుండి తేలికైంది. వదులై గోడ మీద మెత్తగా వాలింది. దిగిందని నాకు తెలిసింది అలాగే. కింద నుంచి కేక లేచింది. దాని మీదుగా, ఫోన్ అవసరం లేకుండానే, అతని అరుపు మూడంతస్తులు ఎక్కి వచ్చింది.

"దిగింది ర సైంటిస్టూ!"

ఆ మాట నాకు ఇప్పుడు అంత తీపిగా అనిపించలేదు. పక్క డాబా మీది నుంచి ఎవరో పిల్లవాడు "క్రాష్ అన్నా, దిగింది!" అని నన్ను పిలిస్తే అదే బాగుంది.

నిమజ్జనం పొద్దున సేటు స్వయంగా వెళ్లి మోకులు తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. అతను కట్టడం మొదలుపెట్టాడు. చార్మినార్ దాటాం, పత్తర్‌గట్టి దాటాం. అతను విగ్రహం పాదాల దగ్గర నిలబడి మోకు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నేను వెనక జనంలో నడుస్తున్నాను. నయాపూల్ దగ్గర ముందున్న లారీల వల్ల మా లారీ ఆగింది. ఇంత దూరం ఊగి వచ్చిందేమో, ఒక మోకు కాస్త సడలింది. అతను వంగి చూసి, జనంలో నన్ను వెతికాడు.

"ఏయ్ క్రాష్! ఎక్కు, గిది గుంజు."

లారీ ఎక్కాను. మోకు పట్టుకుని గుంజాను. అతను ముడి వేస్తూ, నా భుజానికి భుజం ఆనించి, చెవి దగ్గరే "ఆపు" అన్నాడు.

ఆపాను.